చలికాలం బండి పక్కన పెట్టేముందు: పెట్రోల్ స్టెబిలైజర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మిన్నెసోటాలో అక్టోబర్ చివరికల్లా బైకు మీద కవర్ పడిపోతుంది. మళ్లీ రోడ్డెక్కేది ఏప్రిల్‌లోనే, అదీ రోడ్డు మీద చల్లిన ఉప్పంతా ఒక మంచి వానకు కొట్టుకుపోయాక. కవర్ వేసే ఆ వారంలోనే నాకు ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, ట్యాంకులో ఏదో బాటిల్ పొయ్యాలంటగా, ఏది పొయ్యాలి?" ఆ బాటిలే స్టెబిలైజర్, నిల్వ ఉండే పెట్రోల్ పాడవకుండా కలిపే మందు. ప్రతి ఏడూ చెప్పిందే చెప్తున్నాను కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను. ఇక్కడ అందరం గ్యాస్ అనే అంటాం కానీ, ఆ మాట వింటే వంటింటి సిలిండర్ గుర్తొచ్చేవాళ్లూ చదువుతారు కనుక పెట్రోల్ అనే రాశాను.

పెట్రోల్ పాడవడమేంటండీ, అదేమైనా పెరుగా?

పాడవుతుంది. పెట్రోల్ ఒకే పదార్థం కాదు, వందల రకాల హైడ్రోకార్బన్ల కలగలుపు. అందులో తేలికైనవి ముందు ఆవిరైపోతాయి. చల్లటి ఇంజన్ మొదటి బటన్‌కే అందుకోవడానికి పనికొచ్చేవి సరిగ్గా అవే. ఇక మిగిలిన వాటిలో ఒలిఫిన్లనే రకం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురుగా మారుతుంది. ఒక అణువు పాడైతే అది పక్కదాన్ని పాడుచేస్తుంది, అది ఇంకోదాన్ని. మూత సరిగ్గా లేని డబ్బాలో, వేడి తగిలే చోట ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

ట్యాంకులో ఉన్న పదిహేను లీటర్ల సంగతి పక్కన పెట్టండి, అది అంత త్వరగా చెడదు. అసలు గొడవ కార్బురేటర్ కింద ఉండే ఫ్లోట్ బౌల్‌లో. అందులో పట్టేది ఒక చిన్న టీ గ్లాసుడు కూడా ఉండదు, పైగా దానికి గాలి తగిలే దారి ఉంటుంది. ఒకట్రెండు నెలల్లో అందులోని పెట్రోల్ చాలావరకు ఎగిరిపోయి, అడుగున గోధుమ రంగు మడ్డి మిగులుతుంది. బెల్లం పాకం ముదిరి గిన్నెకు అంటుకుంటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, వేలితో గీకినా రాదు.

నా మొదటి చలికాలం నేనేమీ వేయలేదు. నాలుగు కార్బురేటర్ల పాత బండి. ఏప్రిల్‌లో చోక్ లాగితే స్టార్ట్ అయ్యేది, చోక్ వెనక్కి నెట్టగానే ఆగిపోయేది. మెకానిక్ బౌల్ విప్పి, పైలట్ జెట్ (పెట్రోల్ వెళ్లే సన్న చిల్లున్న చిన్న ఇత్తడి ముక్క) తీసి ట్యూబ్ లైటుకు ఎదురుగా పట్టుకుని నా చేతికిచ్చాడు. వెలుతురు కనిపించలేదు. ఆ జెట్ మీద 38 అని ఉంది, అంటే చిల్లు 0.38 మిల్లీమీటర్లు. దాన్ని మూసెయ్యడానికి ఎంత జిగురు కావాలి? నాలుగింటికీ అదే పని చేసి ఇచ్చిన బిల్లు చూశాక, పది డాలర్ల బాటిల్ గురించి నేను మళ్లీ బేరమాడలేదు.

మరి ఆ బాటిల్లో ఏముంటుంది?

ముఖ్యంగా యాంటీ ఆక్సిడెంట్లు. ఇందాక చెప్పిన, ఒకదాన్ని చూసి ఒకటి పాడయ్యే వరసను అవి మధ్యలో తుంచేస్తాయి. వాటితోపాటు లోహం తుప్పు పట్టకుండా ఉంచే రసాయనాలు కొన్ని, ఇవన్నీ కరిగి ఉండడానికి ఒక పెట్రోలియం ద్రవం. రిఫైనరీలోనే కొంత యాంటీ ఆక్సిడెంట్ కలుపుతారు. మనం వేసేది దానికి పై చేర్పు.

ఆవకాయలో ఉప్పు ఎలాగో ఇదీ అలాగే. ముక్క గట్టిగా ఉన్నప్పుడే ఉప్పు పడాలి. బూజు పట్టాక కిలో ఉప్పు పోసినా ఆ జాడీ తిరిగి రాదు. స్టెబిలైజర్ కూడా పాత పెట్రోల్‌ని కొత్తది చెయ్యదు. అందుకే మార్చిలో ఫోన్ చేసి "ఇప్పుడు వేస్తే పనిచేస్తుందా" అని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ ఉండదు.

ఎప్పుడు వెయ్యాలి?

ఆ ఏడాది చివరిసారి పెట్రోల్ కొట్టించే రోజున. నేనైతే బాటిల్ జేబులో పెట్టుకుని బంకుకే వెళ్తాను. ముందు స్టెబిలైజర్ ట్యాంకులో పోసి, దాని మీద పెట్రోల్ కొట్టిస్తే ఆ ధాటికి అదే కలిసిపోతుంది. బంకు నుంచి ఇంటికి పదిహేను నిమిషాల దారి. ఇల్లు చేరేసరికి మందు కలిసిన పెట్రోల్ కార్బురేటర్ దాకా వచ్చి ఉంటుంది. రెండు పనులూ ఒకే ట్రిప్పులో అయిపోతాయి.

ఎంత వెయ్యాలి?

ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, అందుకే బాటిల్ మీద చదవకుండా చేతి వాటంగా పొయ్యకండి. స్టాబిల్ అనే బ్రాండ్ మామూలు ఎర్ర రంగుది ఒక ఔన్సు, అంటే దాదాపు 30 మిల్లీలీటర్లు, రెండున్నర గ్యాలన్లకు సరిపోతుంది (గ్యాలన్ అంటే దాదాపు 3.8 లీటర్లు). నాలుగు గ్యాలన్ల ట్యాంకుకు ఔన్సున్నర కంటే కొంచెం ఎక్కువ, సుమారు 48 మిల్లీలీటర్లు. అదే కంపెనీ పడవల కోసం అమ్మే మెరైన్ రకం ఇంకా గాఢం, తక్కువ చాలు. సీ ఫోమ్ అనే ఇంకో బ్రాండ్‌ని నిల్వ కోసమైతే గ్యాలన్‌కి రెండు ఔన్సులు వెయ్యమంటారు, అంటే అదే ట్యాంకుకు ఎనిమిది ఔన్సులు, సగం బాటిల్. ధరలు పోల్చేటప్పుడు బాటిల్ సైజు కాదు, అది ఎన్ని గ్యాలన్లకు వస్తుందో చూడండి.

ఎర్ర బాటిల్‌తో పెట్రోల్ 24 నెలల దాకా నిలుస్తుందని లేబుల్ మీద ఉంటుంది. మనకు కావలసింది ఆరు నెలలే కాబట్టి ఆ మాటను పరీక్షించే అవసరం నాకు రాలేదు.

రెట్టింపు వేస్తే రెట్టింపు మంచిదా?

కాదు. కొద్దిగా ఎక్కువైతే నష్టమేమీ లేదు, అంతే.

ట్యాంకులో పోసి వదిలేస్తే చాలదా?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చక్కగా కొలిచి పోస్తారు, మూత పెడతారు, కవర్ కప్పుతారు. ట్యాంకులోది భద్రంగానే ఉంటుంది. కింద బౌల్‌లో ఉన్నది మాత్రం మందు కలవని పాత పెట్రోలే. బౌల్, జెట్లు, పంపు, ఇంజెక్టర్ల దాకా చేరితేనే వేసినందుకు ఫలితం. బంకు నుంచి నడిపి తెచ్చుంటే సరే, లేకపోతే బండిని బయటికి తీసి ఐదు నుంచి పది నిమిషాలు ఆన్‌లో ఉంచండి.

బయటికి అని ఊరికే అనలేదు. గ్యారేజ్ షట్టర్ సగం ఎత్తి నడిపితే చాలనుకోవద్దు. ఇక్కడ గ్యారేజ్ ఇంటికి అతుక్కునే ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చలేస్తే జాకెట్ వేసుకోండి, బండి మాత్రం డ్రైవ్‌వేలోనే ఉండాలి.

కార్బురేటర్ బండికి నేను ఇంకో మెట్టు ముందుకెళ్తాను. మందు కలిసిన పెట్రోల్ లోపలికి వచ్చాక పెట్రోల్ ట్యాప్ ఆఫ్ చేసి, ఒక్కో బౌల్ అడుగున ఉండే చిన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, ఉన్నదంతా గాజు సీసాలోకి దింపేస్తాను. ఏమీ లేకపోతే జిగురయ్యేదీ ఉండదు. స్క్రూ ఇత్తడిది, తల మెత్తగా ఉంటుంది. సరిపడని స్క్రూడ్రైవర్‌తో తిప్పితే గాడి చెడిపోతుంది. నాలుగింటిలో ఒకదాన్ని నేను అలాగే పాడుచేశాను. ట్యాప్‌కి ఆఫ్ లేని వ్యాక్యూమ్ రకమైతే ఇంజన్ ఆగినప్పుడు అదే మూసుకుంటుంది. ప్రైమ్ (ఇంజన్ ఆగి ఉన్నా పెట్రోల్ పారే స్థానం) మీద మాత్రం పొరపాటున కూడా వదలకండి. బౌల్ నిండాక పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ వాల్వ్ కొంచెం అరిగి ఉన్నా పెట్రోల్ నేల మీదికో, ఇంజన్ ఆయిల్లోకో దిగుతుంది.

ఇంకోమాట: పెట్రోల్ దింపేటప్పుడు గ్యారేజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉందేమో చూసుకోండి. దాని కింద చిన్న మంట వెలుగుతూ ఉంటుంది.

ట్యాంకు నిండుగా ఉంచాలా, ఖాళీ చెయ్యాలా?

ఇనుప ట్యాంకైతే నిండుగా. ఖాళీ జాగా ఉంటే అందులో గాలి ఉంటుంది, రాత్రీ పగలూ వేడి చలి మారినప్పుడల్లా ఆ గాలిలోని తేమ లోపలి గోడల మీద చెమటలా పడుతుంది. ఆ మీద తుప్పు. అలాగని మెడదాకా నింపకండి, వేడెక్కితే పెట్రోల్ వ్యాకోచిస్తుంది. వంద పాళ్లకు తొంభై ఐదు చాలు. ప్లాస్టిక్ ట్యాంకున్న లాన్ మోవర్‌కు (గడ్డి కోసే యంత్రం) ఈ తుప్పు భయం లేదు కాబట్టి ఖాళీ చేసినా పర్వాలేదు.

ఇథనాల్ నీళ్లు లాగుతుందంటారు, నిజమేనా?

నిజమే. కానీ చెప్పుకున్నంత లేదు. అమెరికాలో మామూలు బంకుల్లో దొరికేది ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర అది అర శాతం నీళ్లను తనలో కలుపుకుని ఉండగలదు. గ్యాలన్‌కి నాలుగు టీ స్పూన్లకు కాస్త తక్కువ. అంతకు మించితే, లేదా చలి పెరిగి ఆ శక్తి తగ్గితే, నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పెట్రోల్ పీల్చే గొట్టం ఉండేది కూడా అడుగునే కదా! పైన మిగిలిన పెట్రోల్‌కి ఇథనాల్ పోయినందువల్ల ఆక్టేన్ (ఇంజన్ కొట్టుకోకుండా మండే గుణం) పడిపోతుంది. అలా విడిపోయాక ఏ బాటిలూ దాన్ని మళ్లీ కలపదు. కలుపుతుందని ఎవరైనా అమ్మితే కొనకండి.

అయితే నాలుగు గ్యాలన్ల ట్యాంకు విడిపోవాలంటే డెబ్భై ఐదు మిల్లీలీటర్ల నీళ్లు పడాలి. మూత బిగించిన నిండు ట్యాంకులోకి, మిన్నెసోటా జనవరి పొడి గాలి నుంచి అన్ని నీళ్లు ఎక్కడ్నుంచి వస్తాయి? నేను చూసిన కేసుల్లో నీళ్లు వచ్చింది గాలి నుంచి కాదు, వానలో మూత లేకుండా వదిలేసిన డబ్బా నుంచి. మామూలుగా బండిని చెడగొట్టేది ఇందాకటి జిగురే.

ఇథనాల్ లేని పెట్రోల్ దొరుకుతోంది, అది కొట్టిస్తే మందు అక్కర్లేదా?

దొరికితే తప్పకుండా కొట్టించండి. మిన్నెసోటాలో మామూలు పెట్రోల్‌లో ఇథనాల్ ఉండాలని చట్టం. దానికి మినహాయింపుగా 91 ఆక్టేన్ ఇథనాల్ లేని రకాన్ని కలెక్టర్ కార్లు, మోటార్ సైకిళ్లు, పడవలు, స్నోమొబైళ్లు, చిన్న ఇంజన్ల కోసం అమ్మనిస్తారు. ఆ పంపు మీద స్టిక్కర్ కూడా అంటించి ఉంటుంది. మోటార్ సైకిల్ ఆ జాబితాలో ఉంది కాబట్టి మీ బైకుకు నిశ్చింతగా కొట్టించుకోవచ్చు, మామూలు కారుకు మాత్రం కాదు.

దీనివల్ల నీళ్ల గొడవ పోతుంది. జిగురు గొడవ తగ్గుతుంది, పోదు. గాలి తగిలితే ఇదీ పాతబడుతుంది. కాబట్టి నేను దీంట్లోనూ స్టెబిలైజర్ వేస్తాను.

పక్కనే చవగ్గా ఈ15 ఉంటే?

వద్దు. దాన్ని 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకే అనుమతించారు. మోటార్ సైకిళ్లకు, లాన్ మోవర్లకు, పడవలకు ఈ15 వాడకూడదని పంపు మీదే రాసి ఉంటుంది. ఒకే గొట్టంతో అన్ని రకాలూ వచ్చే పంపు దగ్గర బటన్ నొక్కేముందు ఒకసారి చూసుకోండి.

సీ ఫోమ్ స్టెబిలైజరా, క్లీనరా? ఏది కొనాలి?

రెండు పనులకూ అమ్ముతారు. ఆ కంపెనీ మా రాష్ట్రంలోనే, ఈడెన్ ప్రైరీలో ఉంది కాబట్టి ఇక్కడివాళ్లకు దాని మీద ఊరి అభిమానం కూడా ఉంది. నూనె కాస్త ఉన్న ద్రావకం అది. లేత జిగురును కరిగిస్తుంది, పెట్రోల్‌నీ నిలబెడుతుంది. నా పద్ధతి: నిల్వకు ఎర్ర స్టాబిల్, ఏప్రిల్‌లో మొదటి ట్యాంకులో కొంచెం సీ ఫోమ్. రెండిట్లో ఏదో ఒకటే కొంటానంటే ఏదైనా పర్లేదు. బ్రాండ్ గురించి వాదించుకునే టైములో బౌల్ ఖాళీ చెయ్యొచ్చు.

మాది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. మాకూ కావాలా?

కావాలి. ఇంజెక్షన్ వ్యవస్థ అంతా మూసి, ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి బౌల్‌లా ఎండిపోదు. కార్బురేటర్ బండి ఒక్క చలికాలానికే మొరాయిస్తే, ఇది రెండు మూడేళ్లు ఓర్చుకుంటుంది. కానీ ఇంజెక్టర్ చిల్లులు జెట్ కంటే చిన్నవి, పంపు ఖరీదైనది. ట్యాంకు నింపి, స్టెబిలైజర్ వేసి, పది నిమిషాలు నడిపితే సరి. దింపాల్సిన బౌల్ లేకపోవడమే మీకు మిగిలిన సుఖం.

మధ్యలో వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచితే ఇవన్నీ అక్కర్లేదు కదా?

మా మామగారిది ఇదే సలహా. ఇండియాలో మా ఊళ్లో అది బానే పనిచేస్తుంది, ఇక్కడ చెయ్యదు. ఒక గ్యాలన్ పెట్రోల్ మండితే దాదాపు ఒక గ్యాలన్ నీళ్లు ఆవిరిగా పుడతాయి. ఇంజన్ బాగా వేడెక్కితే అవి సైలెన్సర్ గుండా బయటికి పోతాయి. సున్నాకు ఇరవై డిగ్రీలు కింద ఐదు నిమిషాల్లో ఏం వేడెక్కుతుంది? ఆ తేమ సైలెన్సర్లో, ఆయిల్లో మిగిలిపోతుంది. బ్యాటరీ నుంచి తీసుకున్నది కూడా ఆ ఐదు నిమిషాల్లో తిరిగి చేరదు. నడిపితే అరగంట రోడ్డు మీద నడపండి, లేదంటే ముట్టుకోకండి.

లాన్ మోవర్, స్నో బ్లోయర్, జనరేటర్ల సంగతి?

మోవర్, బైకు ఒకే బాపతు, అక్టోబర్లో పడుకుంటాయి. స్నో బ్లోయర్ (మంచు ఎత్తిపోసే యంత్రం) దానికి తలకిందులు. దాని నిద్ర ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా, అదీ వేసవి వేడిలో, షెడ్డులో. చలికాలం అమ్మే పెట్రోల్లో చలికి అందుకోవడానికి తేలికైన బ్యూటేన్ ఎక్కువ కలుపుతారు, అది ఎండలకు మొదట ఎగిరిపోతుంది. అందుకే మంచు మొదలైన రోజు వీధిలో సగంమంది తాడు లాగి లాగి చెమటలు పడుతుంటారు. స్నో బ్లోయర్‌కి ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడపడమే నా పద్ధతి.

జనరేటర్‌కు మాత్రం స్టెబిలైజర్ తప్పనిసరి. అది ఎప్పుడు అవసరమవుతుందో మనకు తెలియదు, తెలిసిన రోజున బంకుల్లో కరెంటు ఉండదు.

అన్నిటికంటే సులువైన అలవాటు: ఐదు గ్యాలన్ల ఎర్ర పెట్రోల్ డబ్బా నింపిన ప్రతిసారీ రెండు ఔన్సులు డబ్బాలోనే వేసెయ్యండి. ఇంట్లో ఉన్న చిన్న ఇంజన్లన్నిటికీ ఆ ఒక్క పనితో అయిపోతుంది.

ఆయిల్ కలిపి వాడే టూ స్ట్రోక్ ట్రిమ్మర్, చెయిన్‌సాలకు?

వీటి దగ్గర కాస్త ఎక్కువ జాగ్రత్త. 50:1 అంటే గ్యాలన్‌కి 2.6 ఔన్సుల ఆయిల్. చాలా టూ స్ట్రోక్ ఆయిళ్లలో స్టెబిలైజర్ ముందే కలిపి ఉంటుంది, డబ్బా మీద చూడండి. ఇక్కడ ఇథనాల్ విడిపోతే ప్రమాదం వేరు: ఆయిల్ పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది, అడుగున నీళ్లూ ఇథనాల్ మిశ్రమంలో ఆయిల్ ఉండదు. ఇంజన్ పీల్చేది దాన్నే. నూనె లేకుండా నిమిషానికి వేల చుట్లు తిరిగితే పిస్టన్ పట్టేస్తుంది. ఏడాదికి మూడు సార్లు వాడేవాళ్లు షాపులో దొరికే ఇథనాల్ లేని రెడీ మిక్స్ డబ్బా కొనుక్కోవడం నయం. గ్యాలన్ లెక్కన చూస్తే గుండె గుబేలుమంటుంది, కొత్త చెయిన్‌సా ధర చూస్తే కుదుటపడుతుంది.

పెట్రోల్ పాడైందని ఎలా తెలుస్తుంది? దాన్నేం చెయ్యాలి?

గాజు సీసాలో కొంచెం పట్టి తాజా పెట్రోల్ పక్కన పెట్టి చూడండి. టీ డికాషన్ రంగుకు తిరిగినా, పాత వార్నిష్ వాసన వస్తున్నా పాడైనట్టే. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లు. రంగు తేడా ఉన్నదాన్ని బైకులో నడిపి చూద్దామని ప్రయోగాలు వద్దు. డ్రెయిన్లో, పెరట్లో పారబోయకండి. కౌంటీ (జిల్లా) వాళ్లు ఇంటి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రాలు నడుపుతారు, అక్కడికి పట్టుకెళ్లండి.

బండి ఇండియాలో ఉంది, అమ్మానాన్నల దగ్గర. ఆరు నెలలు కదలదు. అక్కడేం చెయ్యాలి?

అక్కడ మంచు లేదు, కానీ ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. విజయవాడ ఆగస్టుకీ మిన్నియాపొలిస్ జనవరికీ పోలికే లేదు. అయినా నేను బాటిల్ కంటే మనిషిని నమ్ముతాను. తమ్ముడికో బావమరిదికో తాళం ఇచ్చి, రెండు వారాలకోసారి పది కిలోమీటర్లు నడపమనండి. పెట్రోలూ కదులుతుంది, బ్యాటరీ కూడా బతుకుతుంది. ఎవరూ లేకపోతే ట్యాంకు నింపి స్టెబిలైజర్ వేయించండి. కార్బురేటర్ బండైతే ట్యాప్ ఆఫ్ చేసి బౌల్ ఖాళీ చేయించండి. ఊళ్లో పెట్రోల్‌తో నడిచే తైవాన్ స్ప్రేయర్ వాడే రైతులకూ ఇదే వర్తిస్తుంది. మందు కొట్టడం అయిపోయిన రోజున ట్యాంకులో ఆయిల్ కలిపిన పెట్రోల్ వదిలేసి గోడకు తగిలిస్తే, వచ్చే పంటకు తాడు లాగడంతోనే సరిపోతుంది.

స్టెబిలైజర్ ఒక్కటీ వేస్తే నిల్వ పని అయిపోయినట్టేనా?

అది పెట్రోల్ సంగతి మాత్రమే. పాత ఆయిల్లో ఆమ్లాలు పేరుకుని ఉంటాయి, అందుకని ఆయిల్ నిల్వకు ముందే మార్చండి, ఏప్రిల్‌లో కాదు. బ్యాటరీకి టెండర్ (చార్జి తగ్గకుండా నిలబెట్టే చిన్న చార్జర్) తగిలించండి. పూర్తి చార్జిలో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టదు, డిశ్చార్జ్ అయినది గడ్డకట్టి పగులుతుంది. సైలెన్సర్ నోట్లో ఒక గుడ్డ కుక్కండి, లేకపోతే ఎలుకలు కాపురం పెడతాయి. ఆ గుడ్డ ఎర్రదైతే మంచిది, తీయడం మర్చిపోరు.

సగం మిగిలిన బాటిల్ వచ్చే ఏడాది పనికొస్తుందా?

మూత గట్టిగా బిగించి, ఎండ తగలని చోట పెడితే, తెరిచిన ఎర్ర బాటిల్ రెండేళ్ల దాకా వాడుకోవచ్చు. ఎప్పుడు తెరిచామో ఎవరికీ గుర్తుండదు, అందుకే తెరిచిన రోజునే మార్కర్‌తో తారీకు రాసి పెట్టుకోండి. మా గ్యారేజ్ అరలో ఇప్పుడు మూడు బాటిళ్లున్నాయి, రెండిటి మీద తారీకు లేదు. వాటిని ఈ శనివారం కౌంటీ కేంద్రానికి తీసుకెళ్తున్నాను.